పులిపిరి అని పేరు పెట్టే ముందు

తెలుగులో పులిపిరి అన్న మాటకు విస్తృతి ఎక్కువ. మెడ మీద వేలాడే మెత్తని తోలు తునకా పులిపిరే, వేళ్ళ మీద గరుకుగా లేచే గింజా పులిపిరే, వయసు మీద పడ్డాక ముఖాన వచ్చే నల్లని బుడిపే పులిపిరే. వైద్యశాస్త్రం దృష్టిలో ఈ మూడూ వేర్వేరు. వైరస్ వల్ల వచ్చేది రెండవది మాత్రమే. మెడ మీదో చేతి మీదో ఉన్నంతవరకూ ఈ కలగలుపు వల్ల ఎవరికీ పెద్ద నష్టం లేదు. అదే మాటను స్త్రీ బాహ్య జననాంగం మీద కనిపించిన బుడిపెకు వాడితే మాత్రం దాని వెంట సుఖవ్యాధి, అంటు, క్యాన్సర్ అన్న మాటలు వస్తాయి. ఆ వెంటనే ఇంట్లో ఒక ప్రశ్న పుడుతుంది: ఎవరి నుంచి వచ్చింది?

ఈ చోట జరిగే పొరపాట్లు రెండు రకాలు. మొదటిది, లేని జబ్బుకు పేరు పెట్టడం. పుట్టుకతో వచ్చిన సహజమైన నిర్మాణాన్ని పులిపిరి అనుకొని ఆమ్లంతో కాల్చడం దీనికి ఉదాహరణ. రెండవది, ఉన్న జబ్బును చూడకుండానే మరో పేరుతో ఏళ్ళ తరబడి మందు రాయడం. తెల్లబారి, ముడుచుకుపోతున్న చర్మానికి ఫంగస్ మందు వాడుతూ పోవడం దీనికి ఉదాహరణ. మొదటి పొరపాటు ఒక కాపురాన్ని కుదిపేయగలదు. రెండవది ఒక క్యాన్సర్‌ను ఆలస్యంగా బయటపెట్టగలదు. రెండింటికీ మూలం సరిగా చూడకపోవడమే.

పాత వర్ణన, కొత్త కారణం

జననాంగాల మీద లేచే బుడిపెలు కొత్తవి కావు. సుశ్రుత సంహిత నిదానస్థానంలో అర్శస్సులను గురించిన అధ్యాయం, మొలలు మలద్వారానికే పరిమితం కావనీ, స్త్రీలలో యోని వద్ద కూడా మెత్తగా, గొడుగు ఆకారంలో, జిగురూ నెత్తురూ స్రవిస్తూ లేస్తాయనీ వర్ణిస్తుంది. గ్రీకులు వీటిని కండైలోమా అన్నారు. వేలి కణుపు అన్న అర్థం ఉన్న మాట నుంచి ఆ పేరు పుట్టింది. నేటి వైద్యులు వాడే కండైలోమా అక్యుమినేటా అన్న పేరుకు మొనదేలిన కణుపులని అర్థం.

ఇవి సంపర్కం వల్ల అంటుకుంటాయా లేదా అన్నది చాలాకాలం తేలలేదు. కొరియా నుంచి తిరిగి వచ్చిన అమెరికన్ సైనికుల భార్యలలో పులిపిరులు కనిపించడాన్ని 1954లో కొందరు వైద్యులు ప్రచురించాక అనుమానం బలపడింది. 1970ల తర్వాత జర్మన్ శాస్త్రజ్ఞుడు హరాల్డ్ త్సుర్ హౌసెన్, ఆయన సహచరులు ఈ పులిపిరుల నుంచి హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ) 6వ రకాన్ని వేరుచేశారు. 1983, 1984లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాలలో 16, 18 రకాలను గుర్తించారు. ఆ కృషికి త్సుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది.

నేటికి గుర్తించిన హెచ్‌పీవీ రకాలు 200 దాటాయి. వీటిలో సుమారు 40 జననాంగాలను ఆశ్రయిస్తాయి. జననాంగ పులిపిరులలో దాదాపు 90 శాతానికి కారణం 6, 11 రకాలు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణం 16, 18 రకాలు. ఒకే కుటుంబానికి చెందినవైనా ఈ రెండు జంటల స్వభావాలు వేరు. మామూలు పులిపిరి క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. అయితే ఒకే వ్యక్తిలో రెండు జంటలూ ఉండవచ్చు. కాబట్టి పులిపిరులు ఉన్నా లేకపోయినా, వయసును బట్టి చేయించుకోవలసిన గర్భాశయ ముఖద్వార పరీక్షను మానకూడదు.

కంటితో తేల్చే రోగం

జననాంగ పులిపిరులను చాలావరకు కంటితో చూసే నిర్ధారిస్తారు. తడిగా ఉండే లోపలి భాగాలలో అవి కాలీఫ్లవర్ పువ్వులా ముక్కలు ముక్కలుగా, లేత గులాబీ రంగులోనో తెల్లగానో ఉంటాయి. వెంట్రుకలు ఉండే పొడి చర్మం మీద గుండ్రంగానో చదునుగానో లేస్తాయి. సంపర్కంలో ఒరిపిడి ఎక్కువగా ఉండే యోనిద్వారపు దిగువ అంచున, పెదవుల మీద, మలద్వారం చుట్టూ తరచుగా కనిపిస్తాయి. నొప్పి సాధారణంగా ఉండదు. కొందరిలో దురద, రాపిడికి కాస్త నెత్తురు ఉంటాయి.

కంటితో తేల్చే రోగం కనుక చూడడంలో తొందర పనికిరాదు. మంచి వెలుతురు కావాలి, వీలైతే భూతద్దమో డెర్మోస్కోపో కావాలి. ఒక్క బుడిపెను చూసి ఆగిపోకుండా పొత్తికడుపు దిగువ నుంచి తొడల లోపలి వైపు, మలద్వారం దాకా చూడాలి. అవసరమైతే స్పెక్యులమ్‌తో యోని లోపలిభాగం, గర్భాశయ ముఖద్వారం కూడా చూడాలి. చర్మపు రంగును కూడా లెక్కలోకి తీసుకోవాలి. పాఠ్యపుస్తకాల బొమ్మలు ఎక్కువగా తెల్లని చర్మానివి. తెలుగువారి చామనఛాయ చర్మం మీద పులిపిరి గోధుమరంగులోనో నల్లగానో ఉండవచ్చు. బొమ్మలలో ఎర్రగా కనిపించే వాపు ఇక్కడ ఊదారంగుగానో, చుట్టుపక్కల చర్మం కన్నా కొంచెం ముదురుగానో మాత్రమే తెలుస్తుంది.

పులిపిరులు కానివి

పులిపిరిగా పొరబడే వాటిలో మొదట చెప్పుకోవలసినది అసలు జబ్బే కాదు. యోనిద్వారం చుట్టూ వాకిలిలా ఉండే భాగాన్ని వెస్టిబ్యూల్ అంటారు. కొందరు స్త్రీలలో ఆ భాగం మీదా, చిన్న పెదవుల లోపలి వైపూ సన్నని, మెత్తని, లేత గులాబీ రంగు పోగులు వరుసగా ఉంటాయి. వీటిని వెస్టిబ్యులార్ పాపిలే అంటారు. 1980లలో వీటికీ హెచ్‌పీవీయే కారణమని చాలామంది వైద్యులు నమ్మారు. ఆ నమ్మకంతో ఏ జబ్బూ లేని స్త్రీలకు ఆమ్లపు పూతలు, లేజర్ చికిత్సలు చేశారు. 1990లో ఫ్రెంచ్ పరిశోధకులు మొయాల్-బరాకో, లెబోవిచ్, ఓర్త్ ఈ పోగులకు హెచ్‌పీవీ కారణమనడానికి ఆధారం లేదని చూపారు. పురుషులలో శిశ్నాగ్రం అంచున ముత్యాల వరుసలా కనిపించే బొడిపెలలాగే ఇవీ శరీర నిర్మాణంలో భాగమని నేడు అందరూ అంగీకరిస్తారు.

వీటిని పోల్చుకోవడం కష్టం కాదు. పాపిలే గడ్డిపరకల లాంటివి. ప్రతి పరకా నేల నుంచి విడిగా లేస్తుంది. పులిపిరి చిన్న చెట్టు లాంటిది, కొమ్మలన్నీ ఒకే మొదలు నుంచి చీలుతాయి. పాపిలే రెండు వైపులా సమానంగా, వరుసగా, మెత్తగా ఉంటాయి. పులిపిరులు క్రమం లేకుండా అక్కడక్కడా, కాస్త గట్టిగా ఉంటాయి. ఈ తేడా తెలియక ఇచ్చిన చికిత్స వల్ల మంట, మచ్చ, సంపర్కంలో నొప్పి మిగులుతాయి. అవి చూసి జబ్బు ఇంకా తగ్గలేదనుకొని మరో విడత చికిత్స చేసే ప్రమాదమూ ఉంది.

పెదవుల మీద కనిపించే లేత పసుపు చుక్కలు ఫోర్డైస్ చుక్కలు. ఇవి మామూలు నూనె గ్రంథులే, చికిత్స అక్కరలేదు. మెడ మీద వచ్చే తోలు తునకలే ఇక్కడా రావచ్చు. మధ్యలో చిన్న గుంటతో, ముత్యంలా నున్నగా ఉండే బుడిపెలు మొలస్కమ్ కంటాజియోసమ్. వీటికి కారణం వేరే వైరస్.

చదునుగా, వెడల్పుగా, తడిగా, బూడిద రంగు పలకల్లా ఉన్నవైతే సవాయి వ్యాధిని, అంటే సిఫిలిస్‌ను తప్పక అనుమానించాలి. దాని రెండవ దశలో వచ్చే ఈ బుడిపెలను కండైలోమా లాటా అంటారు. రక్తపరీక్ష చేయకుండా వీటిని పులిపిరులనుకొని కాల్చేస్తే పైన కనిపించేది పోయినా లోపలి జబ్బు మిగిలిపోతుంది. పెన్సిలిన్ ఇంజక్షన్‌తో నయమయ్యే రోగం గుండెకూ మెదడుకూ పాకే వీలు కలుగుతుంది. కాబట్టి జననాంగ పులిపిరుల అనుమానంతో వచ్చినవారికి సిఫిలిస్, హెచ్ఐవీ పరీక్షలు చేయడం మంచి పద్ధతి.

తెలుగు ప్రాంతాలతో సంబంధం ఉన్న పోలికలు మరి రెండున్నాయి. చార్లెస్ డొనవాన్ అనే వైద్యుడు 1905లో మద్రాసులో ఒక పుండులో ప్రత్యేకమైన కణాలను వర్ణించాడు. ఆ వ్యాధికి డొనవానోసిస్ అన్న పేరు మిగిలింది. ఒకప్పుడు కోరమాండల్ తీరపు జిల్లాలలో ఎక్కువగా కనిపించిన ఈ వ్యాధి ఇప్పుడు అరుదు. ఎర్రగా, నొప్పి లేకుండా, ముట్టుకుంటే నెత్తురు కారే ఈ పుండు కొన్నిసార్లు పులిపిరిలా పైకి లేస్తుంది. రెండవది, బోదకాలు వల్లనో, గజ్జలలోని గ్రంథులకు సోకిన క్షయ వల్లనో, రేడియేషన్ వల్లనో శోషరస నాళాలు మూసుకుపోయినప్పుడు వచ్చేది. అప్పుడు పెదవుల మీద పులిపిరుల గుంపులా బుడిపెలు లేస్తాయి. దగ్గరగా చూస్తే అవి నీటి బుడగలు, చిదిమితే తేటనీరు కారుతుంది. విదేశంలోని వైద్యులకు ఈ రెండూ వెంటనే తట్టకపోవచ్చు. తాను ఎక్కడ పెరిగిందో, బోదకాలు గాని క్షయ గాని ఉండేదో రోగి చెబితే దారి దొరుకుతుంది.

తెలుపు, దురద

రెండవ రకం పొరపాటుకు ఎక్కువగా గురయ్యేది లైకెన్ స్క్లెరోసస్ అనే దీర్ఘకాలిక చర్మవ్యాధి. ముట్లు ఉడిగిన స్త్రీలలో ఎక్కువ, రజస్వల కాని బాలికలలోనూ వస్తుంది. శరీర రక్షణ వ్యవస్థ తన చర్మం మీదే దాడి చేయడం దీనికి కారణమని భావిస్తున్నారు. థైరాయిడ్ జబ్బులు ఉన్నవారిలో తరచుగా కనిపిస్తుంది. ఇది అంటువ్యాధీ కాదు, సుఖవ్యాధీ కాదు.

ప్రధాన లక్షణం దురద, ముఖ్యంగా రాత్రిపూట నిద్ర పట్టనివ్వని దురద. చర్మం పింగాణీలా తెల్లబడి, సిగరెట్ కాగితంలా పలచబడి ముడతలు పడుతుంది. యోని చుట్టూ, మలద్వారం చుట్టూ కలిపి ఎనిమిది అంకె ఆకారంలో వ్యాపిస్తుంది. క్రమంగా చిన్న పెదవులు కరిగిపోయినట్లు అతుక్కుపోతాయి, క్లిటోరిస్ చర్మం కిందకు పూడుకుపోతుంది, యోనిద్వారం ఇరుకవుతుంది. బొల్లిలో కూడా చర్మం తెల్లబడుతుంది. అయితే బొల్లిలో దురద ఉండదు, చర్మం ముడతలు పడదు, నిర్మాణం చెడదు.

తెలుగు ఇళ్ళలో దీని ప్రయాణం తరచుగా ఇలా ఉంటుంది. అరవై దాటిన తల్లి దురద సంగతి ఎవరికీ చెప్పదు. ఓర్వలేక చెప్పినా మందుల షాపు నుంచి ఒక ట్యూబు వస్తుంది. షుగరు ఉంటే అదే కారణమని తేల్చేస్తారు. మధుమేహంలో ఫంగస్ దురద రావడం నిజమే. కాని ఫంగస్ మందుతో తగ్గని దురదను, తగ్గినట్లే తగ్గి మళ్ళీ మళ్ళీ వచ్చే దురదను కళ్ళతో చూడకుండా ఫంగస్ అనడం తప్పు. భారతదేశంలో చీటీ లేకుండా దొరికే ట్యూబులలో స్టీరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిసి ఉంటాయి. నిజంగా తామర ఉన్నవారిలో అందులోని స్టీరాయిడ్ జబ్బును మరింత వ్యాపింపజేస్తుంది. లైకెన్ స్క్లెరోసస్ ఉన్నవారికి అదే స్టీరాయిడ్ రెండు మూడు రోజులు ఊరటనిచ్చి, జబ్బు పేరును మరికొన్నేళ్ళు కప్పిపెడుతుంది.

ఈ వ్యాధికి సరైన మందు కూడా స్టీరాయిడే కావడం గమనించదగ్గది. 0.05 శాతం క్లోబెటసాల్ ఆయింట్‌మెంటును మొదటి నెల రోజూ రాత్రి, రెండవ నెల రాత్రి విడిచి రాత్రి, మూడవ నెల వారానికి రెండుసార్లు పలచగా రాయడం వాడుకలో ఉన్న పద్ధతి. ఆ తర్వాత తక్కువ మోతాదులో కొనసాగించాలి. చికిత్స లేని రోగులలో సుమారు 5 శాతం లోపు మందిలో ఈ చర్మం మీద క్యాన్సర్ రావచ్చు. 507 మంది రోగులను గమనించి 2015లో ఆస్ట్రేలియా వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో, మందును క్రమం తప్పక వాడిన 357 మందిలో ఒక్కరికీ క్యాన్సర్ గాని దాని ముందుదశ గాని రాలేదు. అరకొరగా వాడిన 150 మందిలో ఏడుగురికి వచ్చింది. కాబట్టి పేరు సరిగా తేలడం ఇక్కడ దురదకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు.

బాలికలలో ఈ వ్యాధి చర్మం కింద నెత్తురు చారలు తెస్తుంది. అది చూసి బిడ్డ మీద అఘాయిత్యం జరిగిందన్న అనుమానం వచ్చిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. బాలిక జననాంగం మీద నిజమైన పులిపిరులు కనిపించినప్పుడు కూడా తొందర పనికిరాదు. ప్రసవంలో తల్లి నుంచి, చేతి పులిపిరుల నుంచి రావడానికి వీలుంది. అత్యాచారానికీ వీలుంది. ఏదీ ముందే అనుకోకుండా, ఏదీ కొట్టివేయకుండా, అనుభవం ఉన్నవారు విచారించాలి.

ముక్క పరీక్ష ఎప్పుడు?

మామూలు పులిపిరికి బయాప్సీ అక్కరలేదు. కొన్ని పరిస్థితులలో మాత్రం తప్పదు: బుడిపె నల్లగా లేక రంగు మారుతూ ఉన్నప్పుడు, గట్టిపడి అడుగు భాగానికి అతుక్కున్నప్పుడు, పుండు పడినప్పుడు, ఊరికే నెత్తురు కారినప్పుడు, చికిత్సకు లొంగనప్పుడు లేదా చికిత్స నడుస్తుండగానే పెరిగినప్పుడు, రోగనిరోధక శక్తి తగ్గినవారిలో. ముట్లు ఉడిగాక కొత్తగా కనిపించిన 'పులిపిరి'ని కూడా ముక్క తీసి చూడడమే క్షేమం.

ఈ జాగ్రత్త వల్వా క్యాన్సర్ ముందుదశల కోసం. ఇవి రెండు దారులలో వస్తాయి. ఒకటి హెచ్‌పీవీ, ముఖ్యంగా 16వ రకం దారి. పొగతాగేవారిలో, రోగనిరోధక శక్తి తగ్గినవారిలో ఎక్కువ. గోధుమరంగు బుడిపెలుగా, పలకలుగా ఉండి, చామనఛాయ చర్మం మీద అచ్చం పులిపిరుల్లాగే కనిపిస్తుంది. రెండవ దారి లైకెన్ స్క్లెరోసస్ చర్మం మీద, వైరస్‌తో సంబంధం లేకుండా, ఎక్కువగా పెద్దవయసులో మొదలవుతుంది. ఈ రెండవది త్వరగా క్యాన్సర్‌గా మారుతుంది. వల్వా, యోని వ్యాధుల అంతర్జాతీయ అధ్యయన సంఘం 2015లో ఈ దశల పేర్లను సవరించినప్పుడు, పులిపిరిలో కనిపించే తేలిక మార్పులను క్యాన్సర్ ముందుదశ అనకూడదని స్పష్టం చేసింది. రిపోర్టులో 'లో గ్రేడ్' అని ఉంటే భయపడనక్కరలేదు, 'హై గ్రేడ్' అనో 'డిఫరెన్షియేటెడ్' అనో ఉంటే ఆలస్యం చేయకూడదు.

బయాప్సీ పేరు వినగానే పెద్ద ఆపరేషన్ ఊహించుకుంటారు. మత్తు సూది ఇచ్చి, మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్క తీస్తారు, కొద్ది నిమిషాల పని.

పరీక్షలు చెప్పలేనివి

పులిపిరుల నిర్ధారణకు హెచ్‌పీవీ పరీక్ష పనికిరాదు. ఆ పరీక్ష గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పును అంచనా వేయడానికి ఉద్దేశించినది. అది వెతికేది 16, 18 వంటి రకాలను, పులిపిరులు తెచ్చే 6, 11 రకాలను కాదు. కాబట్టి ఆ పరీక్షలో 'నెగటివ్' వచ్చినా పులిపిరి ఉండవచ్చు, 'పాజిటివ్' వచ్చినంత మాత్రాన కనిపించిన బుడిపె పులిపిరి అయిపోదు. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లాన్ని పూసి తెల్లబడితే పులిపిరి అనే పద్ధతి కూడా ఒకప్పుడు ఉండేది. ఒరుసుకుపోయిన చర్మం, వాచిన చర్మం కూడా అలాగే తెల్లబడతాయి. అందుకే నేటి మార్గదర్శకాలు ఆ ఒక్క ఆధారంతో నిర్ధారించవద్దంటాయి.

'ఎవరి నుంచి, ఎప్పుడు?' అన్న ప్రశ్నకు కూడా ఏ పరీక్షా జవాబు చెప్పలేదు. వైరస్ సోకాక బుడిపె లేవడానికి సాధారణంగా కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పడుతుంది. కొందరిలో అది ఏళ్ళ తరబడి నిద్రాణంగా ఉండి, గర్భధారణలోనో మరో జబ్బుతో శక్తి తగ్గినప్పుడో బయటపడుతుంది. దంపతులలో ఒకరికి కనిపించి మరొకరికి ఎన్నడూ కనిపించకపోవచ్చు. పదేళ్ళ కాపురం తర్వాత లేచిన పులిపిరిని నిన్నటి తప్పుకు సాక్ష్యంగా చూపడానికి వైద్యశాస్త్రం ఒప్పుకోదు. ఈ సంగతిని రోగనిర్ధారణ చెప్పే నోటితోనే, ఆ నిమిషంలోనే చెప్పడం వైద్యుల బాధ్యత.

టీకా, ఒక పాత గాయం

2006లో అమెరికాలో అనుమతి పొందిన గార్డసిల్ టీకా 6, 11, 16, 18 రకాల నుంచి రక్షిస్తుంది. 2014లో వచ్చిన గార్డసిల్ 9 మరో ఐదు రకాలను చేర్చింది. భారతదేశంలో 2022లో అనుమతి పొందిన సెర్వావాక్ కూడా 6, 11 రకాలను కలుపుకున్నదే. ఆస్ట్రేలియా 2007లో బాలికలకు టీకా మొదలుపెట్టింది. అక్కడి లైంగిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన 21 ఏళ్ళ లోపు యువతులలో పులిపిరులు ఉన్నవారు ఆ ఏడు 11.5 శాతం. 2011 నాటికి అది 0.85 శాతానికి పడిపోయింది. టీకా ఉన్న పులిపిరిని తగ్గించదు, రాబోయేదాన్ని ఆపుతుంది.

తెలుగునేల మీద ఈ టీకాకు ఒక చేదు చరిత్ర ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు పరిశోధనలో భాగంగా ఇచ్చిన టీకాను, కొన్ని మరణాల వార్తల తర్వాత 2010లో నిలిపివేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. కాని తల్లిదండ్రుల అనుమతి తీసుకున్న తీరులో లోపాలున్నాయని కూడా తేలింది. శాస్త్రం సరైనదే అయినా, వివరించి అడగనిచోట నమ్మకం నిలవదు.

డాక్టరు గదిలో

'కింద దురద', 'అక్కడ ఏదో ఉంది' అన్న మాటలతోనే చాలామంది తెలుగు స్త్రీలు ఈ సంగతి చెబుతారు. ఆ మాటలను ఇంగ్లీషులోకి మార్చేది పక్కన కూర్చున్న కొడుకో కోడలో అయితే సగం సంగతి దారిలోనే పోతుంది. అమెరికాలో, బ్రిటన్‌లో ఆసుపత్రిని ముందుగా అడిగితే సాధారణంగా తెలుగు దుబాసీని ఫోన్ మీద ఏర్పాటు చేస్తారు. ఇంటివాళ్ళు బయట కూర్చోవచ్చు.

ఎప్పటి నుంచి ఉంది, రాత్రిళ్ళు ఎక్కువవుతుందా, ముట్లు ఎప్పుడు ఆగాయి, నోటిలో పుండ్లు ఉన్నాయా అన్నవి ఒక కాగితం మీద రాసుకొని వెళ్ళాలి. నోటి పుండ్లు ఎందుకంటే, లైకెన్ ప్లానస్ అనే మరో చర్మవ్యాధి రెండుచోట్లా కలిసి వస్తుంది. ఇప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ సంచిలో వేసుకొని వెళ్ళాలి. చూడకుండానే మందు రాయబోతే ఒకసారి చూడమని అడగడం అమర్యాద కాదు. ముక్క తీస్తే ఆ రిపోర్టు నకలు ఒకటి తెచ్చుకొని, తల్లి తిరుగు ప్రయాణంలో పాస్‌పోర్టుతో పాటు ఆమె చేతిసంచిలో పెట్టాలి. గుంటూరులోనో వరంగల్‌లోనో ఆమెను తర్వాత చూడబోయే డాక్టరుకు కావలసిన మొదటి కాగితం అదే.